132 అడుగుల రోడ్డు

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో నాది సివిల్ డ్రాఫ్టింగ్ ఉద్యోగం. రోజంతా వీధులు గీయడమే పని. జీతం పర్లేదు, వీసా టెన్షన్ అందరికీ ఉండేదే. కారు కొనే దాకా ఆఫీసుకు నడిచే పోయేవాణ్ణి. ఊరి సంగతి అప్పుడే తెలిసింది.

1847లో మార్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ళు వేసిన ఊరిది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టూ మన మాడ వీధులున్నట్టే, ఇక్కడా వీధుల లెక్క వాళ్ళ గుడి దగ్గరే మొదలవుతుంది. పోలిక అక్కడితో సరి. ఒక్కో బ్లాకు, అంటే నాలుగు వీధుల నడుమ జాగా, నాలుగు పక్కలా 660 అడుగులు, వీధి వెడల్పు 132. ఎద్దుల బండ్లు వెనక్కి తిరగడానికి అంత వదిలారని చెప్పుకుంటారు. బ్లాకు నడుమ నిలబడితే ఎదురుగా కాఫీ షాపు కనిపిస్తూనే ఉంటుంది. కానీ మూల దాకా 330 అడుగులు నడిచి, రోడ్డు దాటి, మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. కొన్ని చోట్ల దాటేవాళ్ళ కోసం స్తంభానికి డబ్బా, అందులో నారింజ రంగు జెండాలు. ఒకటి తీసి ఊపుకుంటూ దాటి, అవతలి డబ్బాలో పెట్టాలి. రైల్వే గార్డు ఉద్యోగం కూడా ఇచ్చేశారే అనుకున్నా.

ఇక్కడిదే ఇంకో ఊరు పోర్ట్‌లాండ్, దాని నడిబొడ్డున బ్లాకు 200 అడుగులే. వీధులు కలుపుకుని కొలిస్తే అక్కడివి తొమ్మిది బ్లాకులు మా ఊరి ఒక్క బ్లాకులో పడతాయి. అడుగడుక్కీ మలుపే, ఎటైనా పోవచ్చు. అందుకే ఇక్కడ డౌన్‌టౌన్ బ్లాకుల నడుమ ఇప్పుడు కాలిబాటలు తీయిస్తున్నారు.

తిరుచానూరు రోడ్డు పక్కన ఒక వెంచర్లో అక్కావాళ్ళు ఇల్లు కొన్నారు. "40 అడుగుల రోడ్లు బామ్మర్దీ" అని బావకు ఒకటే గొప్ప. ఆ రోడ్డు ఎక్కడికి పోతుందని మాత్రం ఎవరూ అడగలేదు. గోడ దాకా పోతుంది. అవతలి వెంచర్ రోడ్డూ సరిగ్గా అక్కడే ఆగింది. పాల అంగడి గోడకు అవతలే, పోవాలంటే మెయిన్ రోడ్డెక్కి చుట్టి రావాలి. బైకున్నవాళ్ళకు పట్టదు. "ఇంత రోడ్డుండాది, పొయ్యే దోవ లేదు నాయనా" అంటుంది అమ్మ. మాడ వీధుల దగ్గర ఉన్నప్పుడు ఇరుకే, బైకుల గోలే. అయినా ఒక సందు మూస్తే ఇంకో సందుండేది, కూరగాయలకు ఎవర్నీ అడక్కుండా పోయొచ్చేది.

గోడలో 4 అడుగుల సందు తీసి, బైకులు దూరకుండా నడుమ ఒక పైపు పాతమని డ్రాయింగ్ గీసి బావకు పంపాను. దొంగలొస్తారని అసోసియేషన్‌వాళ్ళు అడ్డం తిరిగారట. కాలిబాట అంటే ఇక్కడి మీటింగుల్లోనూ లేచే మాట అదే. లైటు పెట్టండి, బాట వైపు కిటికీలుంచండి అంటాం మేము. అదే బావకూ చెప్పాను. లైటు పోలు గోడకు ఏ పక్కన వేయాలని అడిగాడు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలనే గొడవ ముందే చూసుకున్నట్టున్నాడు.