పాలంపేట: గుడి ఒక్కటే చూస్తే సగం చూసినట్టే

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి వచ్చినవాళ్లలో చాలామంది గుడి చుట్టూ తిరిగి, నంది దగ్గర ఫొటో దిగి, వెనక్కి మళ్లుతారు. కిలోమీటరు దూరంలోని చెరువుకట్ట ఎక్కరు. పాలంపేటను అర్థం చేసుకోవాలంటే మాత్రం ముందు కట్టే ఎక్కాలి. గుడీ చెరువూ ఒకే మనిషి తలపెట్టిన పని.

ఆయన రేచర్ల రుద్రుడు, కాకతి గణపతిదేవుడి సేనాని. దేవగిరి యాదవ రాజులతో యుద్ధంలో తండ్రి మహాదేవుడు చనిపోయి, గణపతిదేవుడు బందీ అయినప్పుడు రాజ్యం చెదరకుండా కాపాడింది ఈయనే. గుడి శాసనం 1213 నాటిది. దేవుడికి రుద్రేశ్వరుడని కట్టించినవాడి పేరు పెట్టారు, జనం నోట మాత్రం శిల్పి రామప్ప పేరే నిలిచింది. ఒక గుడిని శిల్పి పేరుతో పిలుచుకోవడం మనవాళ్ల పెద్దమనసు.

చెరువు కట్టిన తీరు చూడండి. గుట్టల నడుమ సందు చూసి, అక్కడ మట్టికట్ట పోశారు. గుట్టలే మిగతా గోడలయ్యాయి కాబట్టి చిన్న కట్టతోనే పెద్ద చెరువు నిలిచింది. పాకాల, లక్నవరంలోనూ ఇదే ఉపాయం. లోపలివైపు అలల కోత ఆపడానికి రాళ్లు పేరుస్తారు. పొలాలకు నీళ్లు వదలడానికి తూము, ఎక్కువైన నీళ్లు పోవడానికి మత్తడి. మత్తడి ఎప్పుడూ కట్ట తలకంటే బాగా కిందే ఉండాలి. నాలుగు నీళ్లు ఎక్కువ నిలుస్తాయని మత్తడి మీద ఇసుక బస్తాలు వేస్తే, పెద్ద వాన రోజు నీళ్లు కట్ట మీదుగా పొర్లి గండి పడుతుంది.

కట్ట మీద పెద్ద చెట్లు పెరగనివ్వకూడదు. చెట్టు చచ్చి వేరు కుళ్లితే ఆ బొక్కగుండానే బుంగ పడుతుంది. కట్ట కింద ఊట కనబడితే రంగు చూడాలి. తేటగా ఉంటే రోజూ గమనిస్తే చాలు. బురదగా వస్తుందంటే లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు. అప్పుడు మట్టితో బిగించి మూయొద్దు, ఇంకోచోట తన్నుకొస్తుంది. ముందు ఇసుక, దానిమీద కంకర పోస్తే నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది. పూడిక మట్టి చెలకల్లో, అంటే ఎర్ర ఇసుకనేలల్లో పోస్తే తేమ నిలుస్తుంది, నల్లరేగడికి దానితో పెద్దగా పనిలేదు.

గుడి పునాది కింద ఇసుక నింపిన పద్ధతి గురించి లోకానికి వివరించినవారిలో వరంగల్ ఎన్‌ఐటీ పూర్వ ప్రొఫెసర్ పాండురంగారావు ముఖ్యులు. ఇసుక పక్కలకు జారకుండా ఉన్నంతకాలమే ఆ పునాదికి బలం. అందుకే గుడి చుట్టూ తవ్వకాలన్నా, పేలుళ్లన్నా భయపడాలి. గోడలు ఎర్ర ఇసుకరాయి, స్తంభాలూ, చూరు కింది స్త్రీమూర్తులైన మదనికలూ అద్దంలా నునుపుదేరే నల్లరాయి. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, కింది రాళ్ల మీద బరువు తగ్గించడానికే.

తర్వాతివాళ్లలో మరవకూడనివారు ఇద్దరు. నిజాం పురావస్తు శాఖ సంచాలకుడు గులాం యజ్దానీ 1922లోనే పాలంపేట గుళ్ల మీద ప్రత్యేక గ్రంథం వెలువరించారు. నటరాజ రామకృష్ణ జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళినీ, ఈ గుడి గోడల మీది భంగిమలనూ చదివి పేరిణి అనే వీరనాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. 1985 శివరాత్రికి ఇక్కడే ఆడించారు. యునెస్కో గుర్తింపు 2021 జూలైలో వచ్చింది.

హన్మకొండ నుంచి ములుగు దాటి జంగాలపల్లి దగ్గర మళ్లాలి. గుడి తూర్పుముఖం, పొద్దున్నే పోతే మదనికల మీద వెలుగు బాగా పడుతుంది. సరిగమలు పలుకుతుందని వేణుగోపాలుడి బొమ్మను నాణెంతో కొట్టొద్దు, దెబ్బదెబ్బకూ రాయి అరుగుతుంది. కట్ట మీదికి మత్తడి దుంకే రోజుల్లో పోవాలంటే వానాకాలం చివరలో పోండి, మత్తడి రాళ్ల మీద మాత్రం అడుగు పెట్టొద్దు, పాకురు పట్టి ఉంటుంది.