ధాన్యం గదిలో నా ఆఫీసు

నేను పదకొండు దుకాణాల జీఎస్టీ లెక్కలు చూస్తాను. మొన్నమొన్నటిదాకా మా డైనింగ్ టేబులే నా ఆఫీసు. భోజనాల వేళకు ల్యాప్‌టాప్, బిల్లుల కట్టలు మంచం మీదకి చేరేవి. ఓసారి ఒక కిరాణా షాపు బిల్లు మీద చేపల పులుసు ఒలికింది. ఆ షాపాయన ఏమీ అనలేదు గానీ, బిల్లు తీసుకుని ఒకసారి వాసన చూశాడు. ఇక లాభం లేదనుకున్నాను.

శ్రీకాకుళంలో మాది పాత పెంకుటిల్లు. పొలం కౌలుకిచ్చాక వెనక ధాన్యం గదిలో విరిగిన కుర్చీలు, ఒక టేకు తలుపు మిగిలాయి. ఆ తలుపునే టేబుల్ చేయిద్దామంటే అత్తయ్యకు నచ్చలేదు. "లచ్చనంగా ఉన్న తలుపు కోసీస్తావేటమ్మా?" అన్నారు. కోయలేదు, కాళ్లు బిగించామంతే. గొళ్లెం ఊడదీసిన కన్నంలోంచి వైర్లు కిందికి దించాం.

తప్పు నాదే. వడ్రంగి ఎత్తెంతని అడిగితే 30 అంగుళాలన్నాను. ఆయన కాళ్లు సరిగ్గా 30కే కోశాడు. పైన తలుపు మందం ఇంకో అంగుళంన్నర. రోజంతా కూడికలు చేసేదాన్ని, ఈ కూడిక మర్చిపోయాను! కీబోర్డు మీద చెయ్యి వేస్తే భుజాలు పైకి లేచిపోయేవి. వారానికి మెడ పట్టేసింది. మళ్లీ పిలిచి రెండున్నర అంగుళాలు తీయించాను.

కిటికీకి ఎదురుగా కూర్చుంటే ఎండ కళ్లలో పడుతోందని, వెలుతురు ఎడమ పక్క నుంచి వచ్చేలా టేబుల్ తిప్పాను. హాల్లోంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకి అందరూ తట్టుకుంటుంటే ఎర్తింగ్‌తో వేరే లైన్ వేయించాను. రౌటర్‌కి చిన్న యూపీఎస్ మాత్రం దెబ్బ తిన్నాకే కొన్నాను. 20వ తేదీ రాత్రి 3బి రిటర్ను (నెలవారీ జీఎస్టీ లెక్క) సబ్మిట్ చేయబోతుంటే కరెంటు పోయింది. గడువు దాటితే రోజుకి 50 రూపాయలు ఫైను. ఆ టెన్షన్‌లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని పని కానిచ్చాను.

కాగితాల సంగతి వేరు. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. మా ఊళ్లో వానాకాలం గోడలు చెమ్మ పీలుస్తాయి కాబట్టి ఇనుప ర్యాకుని గోడకి జానెడు ఎడంగా పెట్టాను. షాపుకో బాక్స్ ఫైలు, నెలకో అట్ట. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా లైన్లో ఉండగానే బిల్లు తీసి చెబుతున్నాను.

అన్నీ కుదిరాక చూస్తే, నేను పొట్టి, నా పాదాలు నేలకి ఆనడం లేదు. వడ్రంగి కోసేసిన ఆ నాలుగు కాళ్ల ముక్కలకే ఒక చెక్క కొట్టి పీట చేసిచ్చాడు. సాయంత్రమయ్యేసరికి ఆ పీట వంటింట్లో ఉంటుంది, అత్తయ్య దాని మీద కూర్చుని బెండకాయలు తరుగుతుంటారు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పాటు దాన్నీ మోసుకుంటూ ఆఫీసుకి వెళ్తాను.