రికార్డుల షాపు తెరిచే ముందు కార్డిఫ్, లండన్

షాపుకి చోటు కుదిరింది. లోపల పనులు మొదలవడానికి కొంత వ్యవధి ఉంది. ఆ ఖాళీలో తమ్ముడూ నేనూ బ్రిటన్ ప్రయాణం పెట్టుకున్నాం. కోటలూ మ్యూజియంలూ మా జాబితాలో లేవు. ఏ చైన్ కంపెనీకీ చెందకుండా, ఏం తెప్పించాలో ఏం అమ్మాలో యజమానే తేల్చుకునే రికార్డుల షాపులు ఎలా నడుస్తున్నాయో కళ్ళారా చూడాలని వెళ్ళాం. షాపులో లెక్కలు వాడివి, సరుకు నాది. ఇంట్లో కూర్చుని గీసుకున్న ప్లాను కూడా వెంట పెట్టుకున్నాం, చూసినదాన్ని బట్టి దిద్దుకోవచ్చని.

ముందు కార్డిఫ్. లండన్ పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కితే దాదాపు రెండు గంటల ప్రయాణం. దారిలో సెవెర్న్ నది కిందుగా, 1886లో తెరిచిన సొరంగంలోంచి రైలు వేల్స్‌లోకి వెళ్తుంది. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే పాతకాలపు ఆర్కేడ్లు మొదలవుతాయి. పైన అద్దాల కప్పు, కింద సన్నటి దారి, రెండు పక్కలా చిన్న చిన్న షాపులు. వాటిలో మోర్గన్ ఆర్కేడ్‌లో ఉంది స్పిల్లర్స్ రికార్డ్స్. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న రికార్డుల షాపుల్లో అతి పాతది ఇదేనంటారు.

హెన్రీ స్పిల్లర్ 1894లో ఇదే ఊళ్ళో క్వీన్స్ ఆర్కేడ్‌లో దీన్ని మొదలుపెట్టాడు. అప్పటికి రేడియో ప్రసారాలు కూడా లేవు. ఫోనోగ్రాఫులనే పాటల యంత్రాలూ, వాటికి కావలసిన మైనపు సిలిండర్లూ అమ్మేవాళ్ళు. తర్వాత లక్కతో చేసిన 78 స్పీడు రికార్డులు వచ్చాయి. 1948లో ఎక్కువసేపు పాడే ఎల్పీ, మరుసటేడు ఏడంగుళాల 45 స్పీడు రికార్డు, ఆపైన క్యాసెట్, సీడీ, చివరికి ఫోనులో పాట. షాపు ది హేయ్స్ అనే వీధికి మారింది, అక్కడి నుంచి 2010లో ఈ ఆర్కేడ్‌కి వచ్చింది. చోటు మారింది, సరుకు ఎన్నోసార్లు మారింది, షాపు మాత్రం ఉంది. నేను లోపలికి వెళ్ళి నిలబడేసరికి ఒళ్ళు పులకరించింది. నేను ఊహించుకున్నంత పెద్దది కాదు. అంత చిన్న చోటుతో నూట ముప్పై ఏళ్ళు దాటొచ్చారంటే మా చోటు చిన్నదని ఇన్నాళ్ళూ పడ్డ దిగులు అనవసరమని తోచింది.

తిరుగు రైల్లో తమ్ముడు బరువు లెక్క తీశాడు. అట్టతో కలిపి ఒక ఎల్పీ అటూ ఇటుగా పావు కిలో ఉంటుంది. వంద రికార్డులంటే పాతిక కిలోలు. "అక్కా, ఐదు వేలు పెడదామన్నావు కదా. అంటే టన్నుంపావు. ర్యాకుల బరువు వేరే" అన్నాడు. అంతవరకూ పై అంతస్తులో కూడా అరలు పెడదామనుకున్నాం. ఇంజినీరుని అడగకుండా పైన ఒక్క పెట్టె కూడా పెట్టకూడదని ఆ రైల్లోనే తేల్చుకున్నాం. రికార్డుల్ని పడుకోబెట్టి దొంతర పెడితే కిందవి వంగిపోతాయి, అట్టలు నలిగిపోతాయి. ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. ఎండ తగిలితే రికార్డు చేసిన వినైల్ ప్లాస్టిక్ మెలితిరుగుతుంది, అట్ట రంగు వెలుస్తుంది. అందుకే మా ప్లానులో కిటికీ పక్కన గీసిన ర్యాకు కొట్టేసి, అక్కడ పుస్తకాలూ పోస్టర్లూ రాశాను.

లండన్లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 363 నంబరు భవనం దగ్గర కాసేపు ఆగాం. 1921లో హెచ్ఎంవీ తన షాపుని ఇక్కడే తెరిచింది. ప్రారంభించింది సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గార్. అది పెద్ద కంపెనీ షాపు, మా దారి వేరు. కానీ ఆ భవనం అంటే నాకు ఇష్టం ఇంకో కారణం చేత. లివర్‌పూల్‌లో తమ కుటుంబం నడిపే నెమ్స్ షాపులో రికార్డుల విభాగం చూసుకునే బ్రయాన్ ఎప్‌స్టీన్, 1962లో బీటిల్స్ టేపులు పట్టుకుని ఇక్కడికే వచ్చి వాటిలోని పాటల్ని డిస్కు మీద గాడులుగా కోయించుకున్నాడు. ఆ పనితోనే బీటిల్స్ దారి ఈఎంఐ అనే రికార్డుల కంపెనీ వైపు తిరిగింది. ఎప్‌స్టీన్ గురించి చదివినవాటిలో నా మనసులో నిలిచింది వేరే సంగతి. వచ్చినవాళ్ళు ఏ రికార్డు అడిగినా, తన దగ్గర లేకపోతే తెప్పించి ఇవ్వడం అతని నియమం. అడిగేవాళ్ళ మాటల్ని అంత శ్రద్ధగా వినేవాడు కాబట్టే ఆ ఊరి కుర్రాళ్ళ పాట అతని చెవిన పడింది.

అక్కడికి దగ్గర్లోనే సోహోలో బెర్విక్ స్ట్రీట్. ఒయాసిస్ బృందం 1995 ఆల్బమ్ అట్ట మీద కనిపించే వీధి ఇదే. ఒకప్పుడు రికార్డుల షాపులతో కిటకిటలాడిన వీధి. ఇప్పుడు తగ్గినా, మిగిలినవి గట్టివే. ఒకదాన్లోంచి ఒకదాన్లోకి తిరుగుతూ సాయంత్రం దాకా ఉన్నాం. మా ప్రయాణం మొత్తంలో నేను నేర్చుకున్న పెద్ద సంగతి ఆ చుట్టుపక్కలే ఒక చిన్న షాపులో కళ్ళముందు జరిగింది.

గల్లాకి ఒక పక్కన వేరే బల్ల ఉంది. దాని మీద మెడ వంచిన దీపం, రికార్డు తిప్పి పాడించే టర్న్‌టేబుల్ ఒకటి, మెత్తటి గుడ్డ. ఒక పెద్దాయన అట్టపెట్టె నిండా పాత రికార్డులు తెచ్చి ఆ బల్ల మీద పెట్టాడు. షాపులో పనిచేసే అమ్మాయి ఒక్కొక్కటే తీసింది. వేళ్ళు గాడుల మీద పడకుండా, అంచునీ మధ్యలో లేబుల్‌నీ పట్టుకుని, దీపం కింద రికార్డుని నెమ్మదిగా వాలుస్తుంది. తిన్నగా చూస్తే నల్లగా మెరిసే రికార్డు మీద, వాలుగా పెట్టేసరికి వెంట్రుకల్లాంటి గీతలు బయటపడతాయి. ఒక గీత మీద గోరు మెల్లగా పోనిచ్చి చూసింది. గోరుకి తగిలిందంటే ముల్లుకీ తగులుతుంది, టక్ టక్ మని వినిపిస్తుంది. తర్వాత లేబుల్ మధ్య బెజ్జం చుట్టూ చూసింది. అక్కడ సన్నటి గీతలు ఎక్కువుంటే ఆ రికార్డు చాలాసార్లు టర్న్‌టేబుల్ ఎక్కిందన్నమాట. ఆపైన పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి భాగం. అక్కడ చెక్కిన అంకెల్ని బట్టి ఏ ముద్రణో తెలుస్తుంది. కొన్నింట్లో గాడి కోసిన ఇంజినీరు చేతి గుర్తు కూడా ఉంటుంది. జార్జ్ పెకమ్ కోసిన రికార్డుల మీద 'ఎ పోర్కీ ప్రైమ్ కట్' అని చెక్కి ఉంటుంది, సేకరించేవాళ్ళు దానికోసం వెతుక్కుంటారు. చివరికి అట్ట: అంచులు చిరిగాయా, లోపలి రికార్డు ఒత్తుకుని గుండ్రటి మచ్చ పడిందా.

అన్నీ చూశాక మూడు దొంతరలు చేసింది. "ఇవి తీసుకుంటాం. ఇవి మా దగ్గర ఇప్పటికే ఉన్నాయండీ, తీసుకున్నా కదలవు, మీకు తక్కువే ఇవ్వగలను." మూడో దొంతరలో ఒక్కటే రికార్డు. "ఇది మాత్రం నాకు అమ్మకండి. వేలంలో పెడితే నేను ఇవ్వగలిగినదానికన్నా మీకు చాలా ఎక్కువ వస్తుంది." పెద్దాయన ఆమె మొహంలోకి ఓ క్షణం చూసి, ఆ ఒక్కటీ పెట్టెలో వేసుకుని, మిగతావి అక్కడే ఇచ్చేశాడు. వెళ్తూ వెళ్తూ, ఇంట్లో అన్నగారివి గది నిండా ఉన్నాయి, వచ్చి చూస్తారా అని అడిగాడు. ఆమె తేదీ రాసుకుంది.

నేను ఆగలేక ఆమెని పలకరించాను, షాపు తెరవబోతున్నామని చెప్పాను. "అమ్మడం ఎవరైనా చేస్తారు. కొనేటప్పుడు మోసపోయామని ఒక్కరికి అనిపించినా, ఆ ఇంటి తలుపు మళ్ళీ తెరుచుకోదు" అంది. ఇప్పుడు ధర దాచడం ఎలాగూ కుదరదు. 2000లో మొదలైన డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో ఏ ముద్రణ ఎంతకి పోయిందో ఎవరైనా జేబులోంచి ఫోను తీసి చూసుకోవచ్చు. ఆ ధర మొత్తం షాపు ఎందుకు ఇవ్వలేదో ఓపిగ్గా చెప్పగలగాలి: కడగాలి, ఎంత బాగుందో చూసి గ్రేడు కట్టాలి, అద్దె కట్టాలి, అమ్ముడయ్యేదాకా నెలల తరబడి దాచాలి. చెబితే అర్థం చేసుకుంటారని అక్కడే చూశాను.

పాత సరుకు మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. కొత్త రికార్డుల మీద షాపుకి మిగిలేది తక్కువ. పైగా చాలావరకు వాపసు లేని షరతు మీదే వస్తాయి. డిస్ట్రిబ్యూటరు దగ్గర పది తీసుకుని నాలుగు అమ్మితే, మిగతా ఆరింటి డబ్బు అరలో ఇరుక్కుపోయినట్టే. ఏప్రిల్‌లో వచ్చే రికార్డ్ స్టోర్ డే సంగతీ అంతే. 2008లో మొదలైన ఆ పండగకి స్వతంత్ర షాపుల కోసమే ప్రత్యేక ముద్రణలు తెస్తారు, తెల్లవారుజాము నుంచే క్యూలు కడతారు. అడిగినవన్నీ వస్తాయన్న హామీ లేదు, వచ్చి మిగిలినవి వెనక్కి పోవు. కొత్త షాపు మొదటి ఏడాది దానిమీద ఎక్కువ డబ్బు పెట్టకూడదని నా అభిప్రాయం. తమ్ముడు అక్కడ నాతో ఏకీభవించలేదు. "2022లో అమెరికాలో వినైల్ ఆల్బమ్‌లు 4.1 కోట్లు, సీడీలు 3.3 కోట్లు అమ్ముడయ్యాయి. 1987 తర్వాత వినైల్ పైకి రావడం అదే మొదటిసారి. జనం కొత్తవే కొంటున్నారక్కా" అన్నాడు. నిజమే. కానీ ఆ కోట్లన్నీ చిన్న షాపు గల్లా మీదుగా పోయినవి కావు. ఆన్‌లైన్లోనూ పెద్ద దుకాణాల్లోనూ దొరికే కొత్త రికార్డు మా దగ్గరే కొనమని అడగడానికి మాకో కారణం ఉండాలి. పాతది అలా కాదు, ఆ కాపీ మా దగ్గరే ఉంటుంది.

వాదన తేలకుండానే ఎలిజబెత్ లైన్ రైల్లో లండన్ పడమటి అంచున ఉన్న హేయ్స్ అనే చోటికి వెళ్ళాం. హెచ్ఎంవీ సొంతదారు గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీకి 1907లో ఇక్కడే శంకుస్థాపన జరిగింది, రాయి వేసింది గాయని నెల్లీ మెల్బా. ఇప్పుడా స్థలం 'ది ఓల్డ్ వినైల్ ఫ్యాక్టరీ' పేరుతో ఇళ్ళూ ఆఫీసులూ అయింది. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, అయినా వెళ్ళాలనిపించింది. లక్కపూత డిస్కు మీద గాడి కోయడం, దానికి వెండి పూసి నికెల్ పేర్చి అచ్చు తీయడం, ఆ అచ్చుల మధ్య వేడి వినైల్ ముద్దని దాదాపు అర నిమిషంలో నొక్కి రికార్డు చేయడం, ఈ పనంతా తెలిసినవాడికే కొత్త రికార్డులో లోపం కనిపెట్టడం వస్తుంది. వంకర తిరిగిందా, బెజ్జం పక్కకి పడిందా, వినైల్ గాడిలోకి సరిగా నిండక బరబరమంటోందా. కొన్నవాళ్ళు వెనక్కి తెస్తే ఇది మీ ముల్లు తప్పా, ఫ్యాక్టరీ తప్పా అని గల్లా దగ్గరే చెప్పగలగాలి. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో బ్యానింగ్ దగ్గర అపోలో మాస్టర్స్ కాలిపోతే, ఆ లక్కపూత డిస్కులు చేసేవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద జపాన్లో ఒక్కరే మిగిలారు. కొత్త రికార్డు ఇలాంటి సన్నటి దారం మీద నడుస్తోంది. పాత రికార్డుకి ఏ ఫ్యాక్టరీతోనూ పనిలేదు. తమ్ముడు ఈసారి మాట్లాడలేదు, లాప్‌టాప్ తెరిచి ఏదో మార్చుకున్నాడు.

ఆఖరున బ్రిక్ లేన్ పక్కన రఫ్ ట్రేడ్ ఈస్ట్. 1976లో జెఫ్ ట్రావిస్ పశ్చిమ లండన్లో పెట్టిన షాపు పేరు మీదే, 2007లో, రికార్డుల షాపులు వరసగా మూతపడుతున్న రోజుల్లో, పాత బీరు ఫ్యాక్టరీ ఆవరణలో ఇంత పెద్దది తెరిచారు. లోపల పాడేవాళ్ళకి వేదిక ఉంది. మాకు అంత జాగా లేదు. అంతకుముందు ఒక చిన్న షాపులో చూసిన ఏర్పాటు మాకు సరిపోతుంది: మధ్య ర్యాకులకి చక్రాలు. సాయంత్రం గోడకి నెట్టేస్తే ముప్పై మంది నిలబడి పాట వినొచ్చు.

తిరిగి వచ్చే విమానంలో ప్లాను మళ్ళీ గీశాం. ర్యాకు గడి లోపలి వెడల్పు 33 సెంటీమీటర్లు, ఎందుకంటే అట్ట ముప్పై ఒకటిన్నర దాకా ఉంటుంది, ప్లాస్టిక్ కవరు కూడా పట్టాలి. ఏ గడీ మూడొంతులకి మించి నింపకూడదు, లేకపోతే వేళ్ళతో అట్టలు తిప్పడం కుదరదు. గల్లా వెనక మూలన ఇరికించిన కొనుగోలు బల్లని తలుపు పక్కకి తెచ్చాం. పెట్టె మోసుకొచ్చినవాళ్ళు షాపంతా దాటక్కర్లేకుండా లోపలికి రాగానే దించుకోవాలి. బల్లకి దీపం, టర్న్‌టేబుల్, రెండు కుర్చీలు. వడ్రంగి మేస్త్రికి దిగిన రోజే కొలతలు పంపాను. కొత్త సరుకుకి కేటాయించిన డబ్బులో మూడో వంతు తమ్ముడు పాత రికార్డుల పద్దులోకి మార్చాడు, సగం మార్చమంటున్నాను, ఇంకా బేరం నడుస్తోంది. బోర్డు రాసేవాడితో కూడా మాట్లాడాను. షాపు పేరున్న పెద్ద బోర్డు ప్రారంభం నాటికి వస్తే చాలు. 'పాత రికార్డులు కొంటాం' అన్న చిన్న బోర్డు మాత్రం ఈ వారంలోనే కావాలన్నాను.