ఐదు బస్తాల నుంచి ఒక్క బస్తాకు

మొన్న మంగళవారం ఎరువుల అంగడి బాకీ పైసాతో సహా కట్టేసి వచ్చినాను. అందుకే ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను.

మాది పూతలపట్టు పక్కన, రెండున్నర ఎకరాల చెనిక్కాయ (వేరుశనగ). నాయన కాలం నుంచీ నత్రజనికి ఐదు బస్తాల యూరియా, భాస్వరానికి మూడు బస్తాల డీఏపీ. ఎందుకంత అని మేమెవరూ అడగలేదు.

మూడేండ్ల కింద మట్టి పరీక్ష చేయించినాను. అది సులువే. ఎరువు వేయకముందే, గట్టు పక్కన, చెట్ల కింద, పెంట పోసిన చోట వదిలేసి, పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, అంతా కలిపి అర కిలో ఇయ్యాల. ఎరువుల సంచిలో మాత్రం పోయొద్దండి.

భాస్వరం ఎక్కువుందని వచ్చింది. ఏటా వేసిన డీఏపీ నేలలోనే పేరుకుందంట. యూరియా ఎకరాకు 18 కిలోలు చాలన్నారు. అంటే నా చేనంతటికీ 45 కిలోల బస్తా ఒక్కటి!

ఇంక అంగడికి పోయినా. "ఒక బస్తా చాలన్నా, డీఏపీ వద్దు" అన్నా. అంగడాయన పరీక్ష కాగితం చేతికి కూడా తీసుకోలేదు. పదిమంది ముందర, "పోయినేటి పద్నాలుగు వేలు కట్టు, తర్వాత నాకు సేద్యం నేర్పుదువు" అన్నాడు. 266 రూపాయల 50 పైసల బస్తాకు అడగని జింకు ప్యాకెట్టు, ఏదో టానిక్ సీసా అంటగట్టినాడు. పార పట్టి అరిగిన వేలు, ఎరువు ఇచ్చేముందు వేలు పెట్టించుకునే మిషన్లో ముద్ర పడలేదు. నాలుగుసార్లు తుడిచి పెడుతుంటే వెనక నవ్వినారు. పక్కన మా చిన్నోడు తల దించుకున్నాడు. అది ఈ జన్మకు మరవను. డీఏపీ కూడా ఎత్తుకొచ్చినా. అప్పుంటే ఎంత వేయాలో ఆయన చెప్పిందే లెక్క.

ఆ ఏడు అరెకరంలో మాత్రం తగ్గించినా. చెట్టు పీకి చూస్తే వేర్ల నిండా బుడిపెలు, గిల్లితే లోపల ఎర్రగా. గాలిలో నత్రజని పట్టేది అవే. యూరియా ఎక్కువైతే బుడిపెలు తగ్గి, చెట్టు ఆకులకే బలుస్తుంది. కాయ ఏమీ తగ్గలేదు. రెండో ఏడు ఎకరన్నర, ఈ ఏడు చేనంతా.

మట్టి పరీక్షకన్నా ముందు అంగడి బాకీ తీర్చుకోండి. మేము రెండు పొట్టేళ్లు అమ్మినాము.

కాయ బాగా ఊరేదానికి వేసే జిప్సం ఎకరాకు 200 కిలోల లెక్కన కొట్టంలో దించినాము. మోసింది చిన్నోడే. పూత పడింది, నేలలో తడి ఉంది. రేపు కలుపు తీసి మొదళ్లలో వేయాల.