మా బజారు రోడ్డు వెడల్పు, మేం ఇచ్చిన అభ్యంతరాలు: నా అనుభవం

మార్కింగ్ వేసేవాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. కొట్లో పెళ్లివారున్నారు, పెళ్లికూతురి చేతికి మట్టిగాజుల సైజు చూస్తున్నాను. ఒకతను టేపు లాక్కుంటూ నేరుగా లోపలికొచ్చి, గాజుల స్టాండు వెనక గోడ మీద ఎర్ర పెయింటుతో ఒక బాణం వేసి, పక్కన 21 అని రాసి వెళ్లిపోయాడు. అంటే షట్టరు నుంచి లోపలికి 21 అడుగులు రోడ్డులోకి పోతాయన్నమాట. నా కొట్టు లోతు మొత్తం 26. మిగిలిన ఐదడుగుల్లో నేను నిలబడాలా, గాజులు పెట్టుకోవాలా?

మాది గోదావరి వైపు ఒక మున్సిపాలిటీ. మెయిన్ బజారులో ఇరవై రెండేళ్లుగా నాది అద్దె కొట్టు. పై మేడలో ఓనరు మామ్మగారు ఒక్కరే ఉంటారు. బజారుని బాగుచేస్తామని పెద్ద ప్లాన్ వేశారు: 80 అడుగుల రోడ్డు, రెండు పక్కలా ఫుట్‌పాత్‌లు, పాత కూరగాయల మార్కెట్ తీసేసి కాంప్లెక్సు. నేను వెడల్పుకి వ్యతిరేకం కాదు. సంత రోజున అంబులెన్సు మా కొట్టు ముందే పావుగంట ఇరుక్కుపోవడం కళ్లారా చూశాను. కానీ 80 ఎందుకు? లారీలన్నీ బైపాస్ మీదే పోతున్నాయిగా.

నోటీసు పేపర్లో ఓ మూల పడింది. అభ్యంతరాలుంటే 15 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలట. అందులో ఐదు రోజులు వర్తక సంఘం మీటింగులకే పోయాయి. ఒకరోజు బంద్ చేశాం, ఊరేగింపు తీశాం, మూడొందల సంతకాలతో ఒక వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగాం. నాకూ అదే గొప్ప పనిలా అనిపించింది. మా కొట్టుకి మనవరాలితో వచ్చే ప్లాన్లు గీసే ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు ఆ మాట విని నవ్వారు. "మూడొందల సంతకాలున్నా ఆఫీసుకొచ్చే కాగితాలు రాసుకునే ఇన్‌వర్డు రిజిస్టరులో పడేది ఒక్క నంబరే బాబూ. ఎవరి డోర్ నంబరుతో వాళ్లు విడివిడిగా రాయండి. 'మా పొట్ట కొట్టొద్దు' అని రాస్తే ఫైల్లో కలిసిపోతుంది. అంకె రాస్తే దానికి జవాబు చెప్పాలి," అన్నారు.

ముందు ప్లాన్ చూద్దామనుకున్నాం. సమాచార హక్కు కింద ఆర్‌టీఐ దరఖాస్తు వేద్దామన్నారు ఎవరో. పది రూపాయలే, కానీ జవాబివ్వడానికి వాళ్లకి 30 రోజుల గడువుంది, మాకు మిగిలింది పది రోజులు. తీరా చూస్తే నోటీసు అడుగునే ఉంది, ఆఫీసు వేళల్లో మ్యాపు చూసుకోవచ్చని. అంతమంది చదివాం, ఆ లైను ఎవరికీ ఆనలేదు. టౌన్‌ప్లానింగ్ సెక్షన్‌లో మూడోసారి వెళ్తే గానీ మ్యాపు బయటికి రాలేదు. ఫొటో తీయనివ్వలేదు. తెల్లకాగితం మీద గీసుకుని తెచ్చుకున్నాను.

ఆ రాత్రి పది దాటాక ట్రాఫిక్ పల్చబడ్డాక నలుగురం టేపు పట్టుకుని రోడ్డు మీదికి దిగాం. మా షట్టరు నుంచి ఎదురు బట్టల కొట్టు షట్టరుకి 44 అడుగులు. రెండు వైపులకీ వెడల్పు కొలిచే నడిమి గీత, అంటే సెంటర్ లైన్, మ్యాపులో డివైడర్ మీద గీశారు. డివైడరేమో నడిమధ్యన లేదు. మా వైపు 19 అడుగులు, అవతల 25. ఎదటి వరస ముందు పెద్ద డ్రైను ఉండటంతో ఎప్పుడో కట్టినప్పుడు మా వైపు జరిపారు. అసలు మధ్య నుంచి కొలిస్తే నాకు పోయేది 18 అడుగులు, 21 కాదు.

సంబరపడ్డాను. సంబరం తెల్లారేదాకానే. మాకు తగ్గిన ఆ మూడడుగులూ ఎదటివాళ్ల మీద పడతాయి కదా! ఇరవై ఏళ్లుగా పొద్దున్నే కలిసి టీ తాగే బట్టల కొట్టాయన, "అయితే నా గోడ కొట్టించి నీ గోడ నిలబెట్టుకుంటావన్నమాట," అని వెళ్లిపోయాడు. రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి డ్రాఫ్ట్స్‌మన్ గారే ఇద్దరినీ కూర్చోబెట్టారు. రోడ్డు 60 అడుగులు చాలంటే, అసలు మధ్య నుంచి కొలిచినా చెరో ఎనిమిదడుగులతో సరిపోతుంది. రెండు వరసలూ అదే రాయాలని ఒప్పందం. బైపాస్ ఉంది, జామ్ అయ్యేది రోడ్డు చాలక కాదు, పార్కింగ్ లేక; దానికి పాత బస్టాండు స్థలం చూడండి అని రాశాం. ఒక్కో కాగితానికి రెండో కాపీ మీద తారీఖుతో సహా రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్నాం. ఇది మాత్రం ఎవరూ మానొద్దు.

డబ్బు సంగతి వేరే తలనొప్పి. హైదరాబాద్ పాతబస్తీ మెట్రోకి గజానికి 81 వేలు ఇస్తున్నారని పేపర్లో చూసి మావాళ్లు లెక్కలు వేసుకున్నారు. ఇక్కడ ఇస్తామన్నది టీడీఆర్ బాండు. పోయిన జాగాకి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు. లేదా బిల్డరుకి అమ్ముకోవచ్చు. మామ్మగారికి అరగంట చెప్పాను. అంతా విని, "ఆ కాయితం ఇస్తే మెడికల్ షాపువాడు నా బీపీ మాత్రలిస్తాడంటరా?" అన్నారు.

నాలాంటి అద్దెవాళ్లకి అసలు మెలిక అక్కడే ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం తీసుకుంటే అభ్యంతరాలకి 60 రోజులుంటాయి, మార్కెట్ విలువ మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, ఉంటుంది. మూడేళ్లకి ముందు నుంచీ అక్కడే పనిచేసుకుని బతికే అద్దెదారు కూడా బాధిత కుటుంబం కిందికి వస్తాడు. ఓనరు ఒప్పుకుని బాండు తీసుకుంటే ఆ చట్టమే రాదు, నా పేరు ఏ కాగితంలోనూ ఉండదు. అందుకని నేను విడిగా ఇంకో అభ్యంతరం పెట్టాను. సంఘంలో కొందరు ఓనర్లకి అది నచ్చలేదు. "ముందు స్థలం నిలబడనీ, నీ సంగతి తర్వాత," అన్నారు. తర్వాత అంటే ఎప్పుడో వాళ్లకీ తెలీదు.

కొట్ల ముందు పూలమ్మేవాళ్లని మేమెవరం పిలవలేదు. నిజం ఒప్పుకోవాలి. వాళ్లలో ఒకామె గుర్తింపు కార్డు పట్టుకుని అభ్యంతరాలు వినడానికి మున్సిపాలిటీ పెట్టిన హియరింగ్‌కి తనే వచ్చింది. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద 30 రోజుల నోటీసు లేకుండా లేపకూడదని కమిషనర్ ముందే చెప్పింది. మా సంఘం పెద్దల కంటే ఆమెకే బాగా తెలుసు.

హియరింగ్‌లో మనిషికి మూడు నిమిషాలు. ముందు మాట్లాడినవాళ్లు పోయిన ఎన్నికల నుంచి మొదలెట్టారు. నా వంతు వచ్చేసరికి గొంతు ఎండిపోయింది. ఏం మాట్లాడాలో మర్చిపోయి మా కొలతలు రాసిన చార్టు విప్పి బల్ల మీద పరిచాను. "ఈ కొలతలు ఎవరు తీశారు?" అన్నారు కమిషనర్. "మేమే సార్, మళ్లీ కొలిపించండి," అన్నాను. అంతే మాట్లాడింది. వారానికి సర్వేయర్ వచ్చాడు, 44 అడుగులు 44గానే వచ్చింది.

ఏడు నెలలకి ఆర్డరు వచ్చింది. రోడ్డు 60 అడుగులు, సెంటర్ లైన్ సవరించారు. పార్కింగ్ మాట లేదు. నా రెండో అభ్యంతరానికి ఒకే ఒక్క లైను: అద్దె విషయం యజమానికీ అద్దెదారుకీ మధ్య వ్యవహారం.

మామ్మగారు బాండుకే సంతకం పెట్టారు. ఆవిడ మేడమెట్లు ముందువైపే ఉండేవి, ఆ ఎనిమిదడుగుల్లో పోయాయి. కొత్త మెట్లు కట్టడానికి జాగా నా కొట్లోంచే, పక్కగా మూడడుగులు తీశారు. 12 అడుగుల వెడల్పు 9 అయింది. గాజుల స్టాండు అడ్డంగా పట్టక నిలువుగా తిప్పాను, కొనేవాళ్లు ఒకరి వెనక ఒకరు నిలబడాల్సి వస్తోంది. అద్దె తగ్గించమని మామ్మగారిని రెండుసార్లు అడిగాను. "మెట్లకి అయిన ఖర్చు తేలనీరా అబ్బాయ్," అంటున్నారు.