ప్లాస్టిక్ కొబ్బరి చెట్టుకి మొవ్వు

మాది కోనసీమ. కొబ్బరి చెట్టు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి నేను పోయినేడాది ఏప్రిల్లో, న్యూజెర్సీలో, చెవులు కోసే సముద్రపు గాలిలో ఒక మోటెల్లో నిచ్చెనెక్కి ఇనప స్తంభానికి ప్లాస్టిక్ మట్టలు బిగించాను. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డది ఆ మోటెల్ ఓనరు, డెబ్బై దాటిన గుజరాతీ పెద్దాయన. కాకా అంటాను ఆయన్ని. "బేటా, తొందరగా కానీ, చేతులు కొంకర్లు పోతున్నాయి" అని హిందీలో ఒకటే గోల. నేనేమో పైనుంచి పేచీ. అన్ని మట్టలూ ఒకే వాలులో, గొడుగు ఊచల్లాగా పెట్టించారు ఇన్నాళ్ళూ. చెట్టు అలా ఉంటుందా ఎక్కడన్నా? ముసలి మట్టలు కిందకి వాలాలి, నడిమి వరస పక్కలకి చాపుకోవాలి, నట్టనడుమ మొవ్వు నిటారుగా లేవాలి.

"ప్లాస్టిక్‌దే కదా బేటా" అన్నారు కాకా.

"ప్లాస్టిక్‌దైతే మాత్రం?" అన్నాను. గంటన్నర పట్టింది ఒక్క చెట్టుకి.

ఊరు వైల్డ్‌వుడ్. మా ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణంగా రెండు గంటల పైచిలుకు, దాదాపు రోడ్డు అయిపోయేదాకా. సముద్రానికీ నేలకీ మధ్య ఇసక దీవి. నార్త్ వైల్డ్‌వుడ్, వైల్డ్‌వుడ్, వైల్డ్‌వుడ్ క్రెస్ట్, మూడూ కలిసిపోయి ఒకే ఊరులా ఉంటాయి. బీచికి టికెట్టు లేదు. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది అందుకే, దాచుకోవడం ఎందుకు? నేనూ 2003లో అందుకే వెళ్ళాను. ప్రాజెక్టులు లేక బెంచీ మీద ఉన్న నలుగురం, ఒక పాత కామ్రీ, ఒకే గది. మోటెళ్ళ బోర్డులు చదువుకుంటూ పోతున్నాం: కరీబియన్, సింగపూర్, ఆస్ట్రోనాట్, షాలిమార్. షాలిమార్ చూసేసరికి కారాపి మరీ నవ్వాం. కశ్మీరు తోట పేరు అట్లాంటిక్ ఒడ్డున!

నవ్వులాట కాదని తర్వాత తెలిసింది. 1950ల మధ్యలో పార్క్‌వే పడింది. ఫిలడెల్ఫియా నుంచి, ఉత్తర జెర్సీ నుంచి పిల్లాజెల్లాతో మధ్యతరగతి జనం కార్లలో దిగడం మొదలైంది. విమానం ఎక్కి హవాయి వెళ్ళే స్తోమత వాళ్ళకి లేదు. అందుకని మోటెళ్ళు కట్టినవాళ్ళు హవాయినే ఇక్కడికి తెచ్చారు. సిమెంటు ఇటుకల గోడలు, రెండు మూడు అంతస్తులు, ఎల్ ఆకారమో యు ఆకారమో, మధ్యలో ఈతకొలను, గది తలుపు ముందే కారు. దానిమీద రెక్క విప్పినట్టు ఎగిసే కప్పులు, వాలు గోడలు, నియాన్ బోర్డులు. జెర్సీ చలికి నిజం కొబ్బరి చెట్టు బతకదు కాబట్టి ప్లాస్టిక్‌ది. ఈ బాణీకి డూ-వాప్ అని పేరు. కట్టినవాళ్ళు పెట్టింది కాదు, 1990ల్లో వీటిని కాపాడదామనుకున్నవాళ్ళు ఆ కాలపు పాటల పేరు తెచ్చి తగిలించారు. పక్కూరు కేప్ మే విక్టోరియన్ ఇళ్ళకి ప్రసిద్ధి, అక్కడ పాతదనం చూడగానే తెలుస్తుంది. గులాబీ గోడా, ప్లాస్టిక్ చెట్టూ కూడా వారసత్వమే అని ఒప్పించడానికి వైల్డ్‌వుడ్ వాళ్ళు చాలానే తంటాలు పడ్డారు. ఫిలడెల్ఫియాలో పేరున్న ఆర్కిటెక్టులు వెంచురీ, స్కాట్ బ్రౌన్‌ల దగ్గర పనిచేసిన ఆర్కిటెక్ట్ స్టీవెన్ ఐజెనార్ విద్యార్థుల్ని వెంటేసుకొచ్చి ఈ మోటెళ్ళ మీద అధ్యయనం చేయించాడు. 1997లో వీటిని కాపాడటానికి డూ-వాప్ ప్రిజర్వేషన్ లీగ్ అనే సంఘం పుట్టింది.

అయినా కూల్చివేతలు ఆగలేదు. మేం నలుగురం నవ్విన వీధిలోనే రెండేళ్ళకి మళ్ళీ వెళితే, ఒక మూల మొత్తం ఖాళీ. మరుసటేడు అక్కడ లేత గోధుమరంగు కాండోలు, అంటే అమ్మకానికి కట్టిన ఫ్లాట్లు. లెక్క చాలా సులువు. మోటెల్ నడిచేది మే చివర్లో మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా, మహా అయితే వంద రోజులు. పన్నులు ఏడాదంతా. దాని కింద నేల ఖరీదు మాత్రం మోటెల్ కంటే ఎక్కువ. 2000ల మొదట్లో వంద పైగా పోయాయి. శాటిలైట్ మోటెల్ అలా పోయిందే. 2006లో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్ళు దేశం మొత్తమ్మీద ప్రమాదంలో ఉన్న పదకొండు చోట్ల జాబితాలో వీటిని చేర్చారు. తర్వాత ఇళ్ళ మార్కెట్టు కుప్పకూలడంతో బుల్‌డోజర్లకి కాస్త తెరిపి.

నేషనల్ రిజిస్టర్‌లోకి, అంటే చారిత్రక కట్టడాల కేంద్ర జాబితాలోకి, ఎక్కినవి ఉన్నాయి. నార్త్ వైల్డ్‌వుడ్‌లో 1962 నాటి షాతో బ్లూ, దాని కొలను హృదయం ఆకారం. క్రెస్ట్‌లో 1957 నాటి కరీబియన్, లూ మోరీ డిజైన్ చేసినది. నెలవంక కొలనూ, పై అంతస్తుకి గాల్లో తేలినట్టు వంపు తిరిగే ర్యాంపూ చూడాల్సిందే, మాటల్లో రాదు. రిజిస్టర్‌లో ఉంటే ఎవరూ ముట్టుకోరు అనుకునేవాణ్ణి. తప్పు. సొంత డబ్బుతో కూల్చుకుంటానంటే కేంద్రం అడ్డుపడదు. బాగు చేసుకుంటే మాత్రం, వాళ్ళ ప్రమాణాల ప్రకారం చేస్తే, ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ. కాకా మోటెల్ రిజిస్టర్‌లో లేదు. "ఆ కాగితాలు నింపేలోపు రెండు బాత్రూములు మార్పించుకుంటా" అంటారాయన.

మేమిద్దరం కలిసి పట్టుకున్న అసలు పని రెయిలింగులు. ఉప్పుగాలికి ఇనుము పొరలు పొరలుగా లేచిపోతుంది. నేను పొడి గీకుడు గీకేస్తుంటే, పక్క మోటెల్లో పనిచేస్తున్న పెయింటర్ కేకేశాడు. 1978కి ముందు రంగుల్లో సీసం ఉండొచ్చు, మాస్కు లేకుండా ఆ దుమ్ము పీలుస్తావా అని. మొహం మాడ్చుకుని కింద ప్లాస్టిక్ పరిచి, నీళ్ళు చల్లి, మాస్కు పెట్టుకుని మళ్ళీ మొదలెట్టాను. నెమ్మదిగా గీకాల్సి రావడమే మంచిదైంది. పైన మట్టి రంగు. దాని కింద తెలుపు. మళ్ళీ తెలుపు. లేత ఆకుపచ్చ. ఇటుక లాంటి గులాబీ. అన్నిటికంటే అడుగున, ఇనుముని అంటుకుని, గోరంత మేర నెమలి మెడ రంగు. కాకాని పిలిచాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, ఏం మాట్లాడకుండా ఆఫీసులోకి వెళ్ళి, పాత ఓనరు వదిలేసిన పోస్టుకార్డు పట్టుకొచ్చారు. అందులో రెయిలింగు అదే రంగు. కొనేటప్పుడు డ్రాయర్లో దొరికిందట. ప్రింటింగు వాళ్ళు రంగులు ఎక్కువ దిద్ది ఉంటారని ఇన్నేళ్ళూ నమ్మలేదట. ఈసారి ఆ రంగే వేశాం.

బోర్డు దగ్గర మాత్రం గొడవైంది. మోటెల్ అన్న మాటలో నడిమి అక్షరం రెండేళ్ళుగా వెలగటం లేదు. ఎల్ఈడీ పెట్టించేస్తానన్నారు కాకా. నేను ఒప్పుకోలేదు, నా డబ్బు కాదు కదా మరి! నియాన్ అంటే మంట మీద మెత్తబరిచి, చేత్తో వంచిన గాజు గొట్టం. గాలి తీసేసి నియాన్ నింపితే ఎరుపు. ఆర్గాన్‌తో పాటు చుక్క పాదరసం వేస్తే నీలం. చివరికి బోర్డుల పనివాడు వచ్చి చూస్తే గొట్టం నిక్షేపంగా ఉంది, చచ్చింది ట్రాన్స్‌ఫార్మరూ, ఉప్పు తిన్న వైర్లూ. గాజు పగలకపోతే మనకంటే ఎక్కువే బతుకుతుందని చెప్పి బిల్లు చేతిలో పెట్టాడు. బిల్లు చూశాక రెండు రోజులు కాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. కిటికీల విషయంలో నేను నోరెత్తలేదు. వంద రోజుల వ్యాపారం ఆయనది, రెండు వారాంతాల సరదా నాది. అద్దాల పలకల పాత కిటికీలు తీసేసి వినైల్‌వి పెట్టించారు. బాగోలేవు. చలిగాలి మాత్రం రావటం లేదు.

నాకెందుకింత పట్టుదల అని మా ఆవిడ అడుగుతుంది. మా తాతగారి మండువా లోగిలి ఉండేది. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం, వానొస్తే ఇంట్లోనే వాన. 2009లో కూలగొట్టి మా వాళ్ళు శ్లాబు ఇల్లు వేశారు. పెంకులు లెక్కపెట్టి అమ్మారు, స్తంభాలు ఎవరో రిసార్టు వాళ్ళు కొనుక్కుపోయారు. ఫోన్లో నేను కూడా సరే అన్నవాణ్ణే. కారుతోంది, చెదలు, చూసుకునేవాళ్ళు లేరు. అన్నీ నిజాలే. కాకా మోటెల్లో రెండో అంతస్తు వరండాలో నిలబడి, చుట్టూ గదుల తలుపులు, నడుమ నీళ్ళు చూసినప్పుడు ఒక్కోసారి అది గుర్తొస్తుంది. ఆవిడకి ఇదంతా చెప్పలేదు. బీచి ఫ్రీ కదా అన్నాను.

చలికాలం మట్టలన్నీ విప్పి 7వ నంబరు గదిలో పేర్చేస్తారు, మంచం కూడా కనబడదు. పోయిన అక్టోబరులో విప్పేటప్పుడు మళ్ళీ గొడుగు ఊచలు కాకుండా ఉండాలని, ఒక్కో మట్ట మొదట్లో మార్కరుతో గుర్తులు పెట్టాను. కింది వరసకి 1, నడిమి వరసకి 2, అలా. మధ్యదానికి అలవాటులో తెలుగులోనే రాసేశాను.

మొన్న శనివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. పచ్చటి ప్లాస్టిక్ మట్ట, దాని మొదట్లో నా చేతిరాత, "మొ". కింద కాకా వాయిస్ మెసేజి: "బేటా, ఈ జిలేబీ ఉన్నది ఎక్కడ పెట్టాలి?"