చెయ్యి తియ్యడమే కష్టం

పెరట్లో డిక్కియా అనే ముళ్ల మొక్క మడి ముందు నిలబడితే నాకు ఇప్పటికీ కాస్త సిగ్గేస్తుంది. మొదటి ఏడాది దాన్ని ఎండగట్టి చంపబోయాను. నీటి ఎద్దడికి తట్టుకుంటుందని చదివి, కాక్టస్ లాంటిదే కాబోలనుకుని, ఎండాకాలమంతా నెలకోసారి చెంబెడు నీళ్లు పోశాను. అది చావలేదు, అలాగని బతికినట్టూ లేదు. ఆకుల కొసలు మాడిపోయి, ఉన్నది ఉన్నట్టే నిలిచిపోయింది. వానలు పడ్డాక చూడాలి దాని సంబరం! చకచకా కొత్త ఆకులు, పక్కన రెండు పిలకలు. అన్నాళ్లూ ఓర్చుకుంటోందన్నమాట. నేనేమో దానికి అదే ఇష్టమనుకున్నాను.

అనాస కుటుంబపు మొక్కల్ని బ్రొమీలియాడ్లంటారు, డిక్కియా కూడా వాటిలోదే. వాటిలో చాలా రకాలు చెట్టుకొమ్మల్ని పట్టుకుని బతుకుతాయి. కొన్ని ఆకుల మధ్య నీళ్లు కూడా నిలవేసుకుంటాయి. డిక్కియాకి ఆ సదుపాయం లేదు. బ్రెజిల్, దాని చుట్టుపక్కల రాతినేలల్లో వేళ్లు దించుకునే మొక్క, మన అనాసకు దాయాది. ఆకు రంధ్రాలు రాత్రిపూట తెరిచి పగలు మూసేస్తుంది కాబట్టి ఎండలో ఒంట్లో నీరు అంతగా పోదు. ఇప్పుడు మట్టిలో సగానికి సగం ముతక ఇసుక కలిపి, ఎండాకాలం వారానికోసారి తడుపుతున్నాను. ఎండ మాత్రం పూర్తిగా తగలాలి. నీడలో పెట్టిన పిలక పచ్చగా, సాగిపోయి, ఏదో గడ్డిమొక్కలా తయారైంది.

ఇక ముళ్లు. నా దగ్గరున్న రకానికి అవి ఆకు మొదలు వైపు కొక్కేల్లా వంగి ఉంటాయి. కలుపు తీద్దామని చెయ్యి పెడితే హాయిగా లోపలికి వెళ్లిపోతుంది. వెనక్కి లాగినప్పుడు ఒక్కొక్కటే పట్టుకుంటుంది. అప్పుడు లాగకూడదు, చేతిని ఇంకాస్త లోపలికి నెట్టి విడిపించుకోవాలి. నాలుగైదు గీతలు పడ్డాక వచ్చిన తెలివి ఇది. ఆకుల మధ్య మొలిచిన గడ్డిని ఇప్పుడు వంటింటి పట్టకారుతో పీకుతున్నాను. (ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.)

మూడో ఏడు పూలకాడ కనిపించగానే సంతోషం కంటే టెన్షన్ ఎక్కువైంది. చాలా బ్రొమీలియాడ్లలో పూసిన మొక్క మెల్లగా చచ్చిపోతుంది, పిలకలే మిగులుతాయి. డిక్కియాకి కాడ నడిమొగ్గలోంచి కాక పక్కనుంచి వస్తుందని, అందుకే అసలు మొక్క పెరుగుతూనే ఉంటుందని తర్వాత తెలిసింది. పూలు ముదురు నారింజ రంగు. కాడ నిండా చీమలు, తేనె కోసం.

ఈ ఏడాది కాడ సరిగ్గా నడిచే దారి మీదికి వాలింది. కోసేద్దామంటే చెయ్యి మొదట్లోకి పెట్టాలి. పక్కనుంచి తిరిగి వెళ్తున్నాను.